మార్కర్ లేని బోర్డు పబ్బులోనూ దొరుకుతుంది

హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, వరంగల్‌లలో స్నూకర్, పూల్ పార్లర్లు నడుపుతున్న యజమానులకు బహిరంగ లేఖ

యజమానులందరికీ నమస్కారం.

మీలో చాలామందికి నా ముఖం తెలుసు. పేరు గుర్తుండకపోవచ్చు, మీ ఫోన్లలో నా నంబరు ‘బోర్డు ఫిట్టర్’ అనే ఉంటుంది, అంటే ఆట బల్లలు బిగించేవాడు. బట్ట చిరిగినప్పుడు, కుషన్ రబ్బరు గట్టిపడి బంతి ఠక్కుమని అక్కడే చచ్చిపడినప్పుడు, వానాకాలంలో బోర్డు ఒక పక్కకు లాగుతోందని ఆటగాళ్ళు గొడవ పెట్టుకున్నప్పుడు మీరు పిలిచేది నన్నో, నాలాంటి ఇంకొకణ్ణో. మీరు షటర్ సగం ఎత్తి టీ చెప్పేలోపు నేను బోర్డు కింద దూరి లెవెల్ చూసుకుంటూ ఉంటాను. మీ కష్టాలన్నీ నేను విన్నది అట్లా బోర్డు కింద నుంచే. అద్దె పెరిగిందంటారు. కరెంటు బిల్లంటారు. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయారు, మిగిలినవాళ్ళు బాక్స్ క్రికెట్‌కూ పికిల్‌బాల్‌కూ పోతున్నారంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఈ మధ్య మాత్రం నాకు వచ్చే ఫోన్ల ధోరణి మారింది. “అన్నా, పన్నెండడుగుల స్నూకర్ బోర్డు విప్పాలి. కొనేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు. ఆ జాగాలో రెండు చిన్న పూల్ బోర్డులూ ఒక కౌంటరూ పెడుతున్నా. బారు లైసెన్సున్న పార్టనర్ దొరికాడు” అని ఒకరు. “మార్కర్‌ను తీసేశాను, యాప్ పెట్టించాను, టైమైపోతే లైటు దానంతటదే ఆరిపోతుంది” అని ఇంకొకరు. మార్కర్ అంటే బోర్డు పక్కన నిలబడి స్కోరు రాసే మనిషి. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ అప్పుల్లో ఉన్నవాళ్ళే. వాళ్ళకు ఫోన్లో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

పన్నెండడుగుల బోర్డు విప్పడం మీరు కౌంటరు దగ్గర నుంచి చూసే ఉంటారు. ముందు పాకెట్లు ఊడదీస్తాం, తర్వాత కుషన్లు, ఆ తర్వాత బట్ట. బట్ట కింద ఐదు స్లేటు పలకలుంటాయి. ఒక్కోటి 150 కిలోల పైమాటే. పలకకూ పలకకూ మధ్య పూసిన మైనాన్ని గీకి వేరు చేయాలి. రెండో అంతస్తు నుంచి ఒక్క పలక దించడానికి నలుగురు మనుషులు కావాలి, మెట్ల మలుపు దగ్గర ఐదోవాడు చెయ్యి వేయాలి. అట్లా కిందికి దిగిన స్లేటు మళ్ళీ ఆ మెట్లెక్కడం నేనింతవరకూ చూడలేదు. అందుకే, విప్పించేముందు ఒకసారి ఈ లేఖ చదవండి.

నేను పబ్బులకూ పనిచేస్తాను. గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు బోర్డులున్న పబ్బులు నా ఖాతాదారులే, నిజం చెప్పాలంటే మీకన్నా తొందరగా డబ్బులిస్తారు కూడా. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కాకపోతే వాళ్ళ బోర్డుల పరిస్థితి మీకు తెలియాలి.

పబ్బులో బోర్డు ఎక్కువగా ఏడడుగులది, మహా అయితే ఎనిమిది. బట్ట కింద చాలాచోట్ల స్లేటు ఉండదు, మన మార్బుల్ రాయో, ఎమ్‌డీఎఫ్ అనే కలపపొడి చెక్కో ఉంటుంది. చుట్టూ చెక్క అంచు మీద గ్లాసులు పెట్టిన గుండ్రటి మరకలు. మాక్‌టెయిల్ ఒలికిన చోట చక్కెర పట్టేసి బట్ట అట్ట కట్టి ఉంటుంది. వైట్, అంటే స్టిక్‌తో కొట్టే తెల్ల బంతి, అక్కడికి రాగానే దారి తప్పుతుంది, కొట్టినవాడు తన స్టిక్‌ను చూసుకుంటాడు. గోడ మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి మూలన ఒక పొట్టి స్టిక్ పెడతారు. లైటు బోర్డు మీద పడదు, డీజే వైపు పడుతుంది. శనివారం జనం ఎక్కువైతే బోర్డు మీద ప్లైవుడ్ వేసి, దాని మీద గుడ్డ కప్పి, ఐస్ బకెట్లు పెడతారు. సోమవారం నాకు ఫోన్ వస్తుంది, బంతులు తిన్నగా పోవడం లేదని.

వాళ్ళను తప్పు పట్టడానికి ఏమీ లేదు, లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది. తొమ్మిదడుగుల పూల్ బోర్డు చుట్టూ మామూలు స్టిక్‌తో ఇబ్బంది లేకుండా ఆడాలంటే సుమారు 14 అడుగులకు 18 అడుగుల జాగా కావాలి. స్నూకర్‌కైతే 16కు 22. పూల్ బోర్డు తినే ఆ 250 చదరపు అడుగుల్లో పబ్బువాడు నాలుగైదు టేబుళ్ళు వేసి పదహారు మందిని, ఇరుక్కుంటే ఇరవై మందిని కూర్చోబెట్టగలడు. అందుకే చిన్న బోర్డు, అదీ గోడవార. బోర్డు మీద వాడికి వచ్చేదేమీ లేదు. ఆడుతూ ఇంకో అరగంట ఉంటారు, ఇంకో రౌండు చెబుతారు, అంతే. ఆట ఉచితంగా ఇచ్చినా వాడికి గిట్టుతుంది.

మీకు గిట్టదు. మీరు అమ్మేది గంటలు. గంటకు 150 అనండి, 200 అనండి, అదే మీ అద్దె, అదే మీ కరెంటు, అదే మీ ఇంటి బియ్యం. పబ్బులో ఒక్క క్రాఫ్ట్ బీరుకు అయ్యే డబ్బుతో మీ దగ్గర రెండు గంటలు ఆడొచ్చు. అంత చవకలో, అంత మంచి బోర్డు మీద ఆడిస్తూ కూడా మనమే ఓడిపోతున్నామంటే లోపం బీరులో లేదు. మీరు సగం పబ్బుగా మారినంత మాత్రాన వాళ్ళ వంటగది, వాళ్ళ డీజే, వాళ్ళ వాలే పార్కింగు మీకు రావు. ఊళ్ళో ఇప్పటికే చాలా పబ్బులున్నాయి. వాటి తర్వాత ఇంకొకటి, అందులో అన్నిటికన్నా చిన్నది, మీదవుతుంది.

మద్యానికీ ఈ ఆటకూ పడదని నేననను. స్నూకర్ పుట్టిందే 1875 ప్రాంతంలో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో అంటారు. ఆ ఆట నియమాలు రాసి పెట్టింది 1882లో ఊటీ క్లబ్బులో. మెస్సులో గ్లాసు లేకుండా ఏ పుణ్యాత్ముడు ఆడి ఉంటాడు? మన సికింద్రాబాద్ క్లబ్బులాంటి పాత క్లబ్బుల్లో బారూ బిలియర్డ్స్ గదీ ఒకే కప్పు కింద ఉండేవే. అయినా పాత క్లబ్బుల బోర్డులు తరాలు నిలిచాయి. గ్లాసు పట్టుకుని బోర్డు మీదికి వంగితే వెనక నుంచి ఒక దగ్గు వినిపిస్తుంది, కర్నలైనా కలెక్టరైనా గ్లాసు పక్కన పెట్టి రావాల్సిందే. ఆ దగ్గిన మనిషి మార్కర్.

ఆయన పని స్కోరు రాయడమే అనుకుంటే పొరపాటు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒకప్పుడున్న పార్లర్లో ఒక మార్కర్ ఉండేవాడు. అప్పటికి నేను పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి. ఫ్రేము, అంటే ఒక ఆట, అయిపోగానే బ్రష్ తీసుకుని బాక్ (ఆట మొదలుపెట్టే కొస) వైపు నుంచి బ్లాక్ (నల్ల బంతి పెట్టే కొస) వైపుకు, ఎప్పుడూ ఒకే దిక్కుగా తోసేవాడు. స్నూకర్ బట్టకు నూగు ఉంటుంది, ఎదురు తోస్తే లేస్తుంది, నెమ్మదిగా వచ్చే బంతి పక్కకు జరుగుతుంది. రాత్రి మూసేముందు బోర్డు బట్టకు ఇస్త్రీ. బంతుల్ని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి పెట్టెలో సర్దేవాడు. జేబులో ఎప్పుడూ రెండు టిప్పులు (స్టిక్ కొసన అతికించే తోలు బిళ్ళలు), గరుకు కాగితం ముక్క, కొంచెం జిగురు. ఇవన్నీ ఒక ఎత్తు. కొత్త కుర్రాడు స్టిక్ పట్టుకుంటే చాలు, ఆయన కళ్ళు వాడి మోచేతి మీదికి పోయేవి. “తమ్ముడూ, మోచెయ్యి పక్కకు పోతోంది. గడ్డం స్టిక్‌కు ఆనించు. కొట్టేశాక కూడా లేవకు, బంతి పాకెట్లో పడే చప్పుడు విని లే.” ఫీజు లేదు, పుస్తకం లేదు. వాడు మర్నాడు వచ్చేవాడు, మర్నాడు ఇంకో స్నేహితుణ్ణి తెచ్చేవాడు.

మీరిప్పుడు తీసేస్తున్నది ఆ మనిషిని. యాప్ లైటు ఆర్పగలదు గానీ “లేవకు” అని చెప్పలేదు. సీసీ కెమెరా గ్లాసు పెట్టినవాణ్ణి రికార్డు చేస్తుంది, గ్లాసు తీయించదు. మార్కర్ జీతం మిగిలిందని మీరనుకుంటున్న నెలలోనే బట్ట త్వరగా పాడవుతుంది, టిప్పులు ఊడిన స్టిక్‌లు మూలన పేరుకుంటాయి, కొత్తవాళ్ళు రెండోసారి రారు. ఈ మూడింటిలో మొదటి రెండింటికి నన్ను పిలుస్తారు, మూడోదానికి ఫిట్టర్ లేడు. పబ్బులో మార్కర్ లేడు, వెయిటర్ ఉన్నాడు. వాడి టిప్పు ఆర్డరు మీద వస్తుంది, మీరు పాకెట్లో వేసిన బంతుల మీద రాదు. మీకూ పబ్బుకూ ఉన్న తేడా ఆ ఒక్క మనిషే. అతణ్ణి తీసేశాక మీ దగ్గర మిగిలేది బోర్డు. బోర్డు పబ్బులోనూ ఉంది, అక్కడ ఏసీ ఇంకా చల్లగా ఉంటుంది.

ఇప్పుడు మీకు రుచించని మాట. లూజర్ పే.

ఓడినవాడు బోర్డు డబ్బు కట్టాలన్న ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ మన పార్లర్లన్నిటికీ ఇదే రాజ్యాంగం. మీకు సుఖమే, బిల్లు ఎవరి పేరున రాయాలన్న తగువుండదు. ఆటగాళ్ళకూ కాస్త కారం తగిలి పట్టుదలగా ఆడతారు. ఒప్పుకుంటాను. కానీ ఒక్క నెల లెక్క పుస్తకం తీసి, ఎవరెంత కట్టారో పేర్ల వారీగా వేసి చూడండి. మీ పార్లర్లో అందరికన్నా బాగా ఆడేవాడు మీకు అందరికన్నా తక్కువ ఇచ్చి ఉంటాడు. రోజూ నాలుగు గంటలు ఆడి, టీ డబ్బులు తప్ప ఏమీ ఇవ్వకుండా పోయేవాళ్ళు ప్రతి పార్లర్లోనూ ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ళ ఆట ఖర్చు మోసేది ఎవరు? హాస్టల్లో ఉంటూ, ఇంటి నుంచి వచ్చిన డబ్బులో మిగిల్చుకుని, ఆట నేర్చుకుందామని వచ్చిన కుర్రాడు. తన డబ్బూ వాడే కట్టి, తనను ఓడించినవాడి డబ్బూ వాడే కట్టి, మూడో వారం నుంచి కనబడడు. ఎక్కడికి పోయాడంటే, ఉద్యోగం వచ్చాక పబ్బుకు పోయాడు. అక్కడ ఓడితే నవ్వుతారు, బిల్లు నలుగురూ పంచుకుంటారు.

లూజర్ పే అక్కడితో ఆగితే సరే. బోర్డు డబ్బు నుంచి బిర్యానీకి, బిర్యానీ నుంచి ఐదొందలకు, అక్కడి నుంచి గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు పక్క పందేలు కాసేదాకా పోతుంది. అప్పుడు బోర్డు మీద ఆడేవాళ్ళు ఇద్దరు, చుట్టూ నిలబడేవాళ్ళు పన్నెండు మంది, ఒక్కరి చేతిలోనూ స్టిక్ ఉండదు. మీకూ తెలుసు, కౌంటరు దగ్గర కూర్చుని చూసీ చూడనట్టు ఫోన్ తిప్పుతుంటారు. తర్వాత ఎస్సై వస్తే పార్లర్‌వాళ్ళను పోలీసులు వేధిస్తున్నారంటారు.

పోలీసుల గురించి మీ బాధలో న్యాయం లేకపోలేదు. అర్ధరాత్రి దాకా మందు పోసే చోట ఎవరూ అడగరు, టీ తాగుతూ స్నూకర్ ఆడే చోట మాత్రం ఆధార్ కార్డు చూపించమంటారు. మన అమ్మానాన్నలకు కూడా పార్లర్ అంటే చెడిపోయే చోటు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి పబ్బుకు పోతాడంటే ‘ఐటీలో ఉన్నాడు కదా’ అంటారు, స్నూకర్ పార్లర్‌కు పోతాడంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఈ ఆటలో మనకున్న చరిత్ర వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఏ ఆటలోనైనా సరే, మన దేశానికి దక్కిన తొలి వ్యక్తిగత ప్రపంచ ఛాంపియన్ విల్సన్ జోన్స్, 1958లో కలకత్తాలో గెలిచింది బిలియర్డ్స్. 1984లో డబ్లిన్‌లో ఓం అగర్వాల్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచాడు. కోర్టుల సంగతికొస్తే, 1968లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది, ఆడేవాళ్ళ దగ్గర క్లబ్బు రుసుము తీసుకున్నంత మాత్రాన అది జూదశాల అయిపోదంది. పేకముక్కలకే ఆ మర్యాద దొరికినప్పుడు స్నూకర్‌లో నైపుణ్యం ఉందని రుజువు చేయాల్సిన అవసరం ఎవరికుంది? అయితే గోడవార పన్నెండు మంది పందేలకు ఆ తీర్పు గొడుగు పట్టదు. ముందు గోడ ఖాళీ చేయించండి, తర్వాత అందరూ కలిసి కమిషనర్ దగ్గరికి పోదాం, నేనూ వస్తాను.

ఆ పోయినప్పుడు అడగాల్సింది అర్ధరాత్రి తర్వాత ఇంకో గంట కోసం కాదు. పగటి పూట పిల్లల కోసం.

పంకజ్ అద్వానీ పదేళ్ళ వయసులో అన్న శ్రీ వెంట బెంగళూరులో స్నూకర్ పార్లర్‌కు పోవడంతో మొదలైంది అతని కథ. తర్వాత అరవింద్ సావూర్ దగ్గర శిక్షణ. 2003లో చైనాలో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచేనాటికి వయసు 18. 2024 చివరికి బిలియర్డ్స్, స్నూకర్ కలిపి అతని ప్రపంచ టైటిళ్ళు 28. మన రెండు రాష్ట్రాల్లోనూ మద్యం అమ్మకానికి వయసు 21. ఆట బార్లలోనే నేర్చుకోవాల్సిన రోజు వస్తే, ప్రపంచ ఛాంపియన్ అయిన మూడేళ్ళకు గానీ అలాంటి కుర్రాడికి తలుపు తీయరు. ఫిలిప్పీన్స్‌లో ఎఫ్రెన్ రేయెస్ ఉన్నాడు, పూల్ ఆడేవాళ్ళు దేవుడనుకునే మనిషి. చిన్నప్పుడే మనీలాలో బంధువు నడిపే పూల్ హాలుకు చేరాడు. ఎత్తు చాలక కూల్‌డ్రింకు పెట్టెలెక్కి ఆడాడు, రాత్రి బోర్డు మీదే పడుకున్నాడు. 1999లో కార్డిఫ్‌లో నైన్‌బాల్ అనే పూల్ ఆటలో ప్రపంచ టైటిల్ గెలిచాడు. బార్లో ఎవరు పడుకోనిస్తారు పిల్లాణ్ణి? పడుకోనివ్వకూడదు కూడా.

మన ఊళ్ళలో పార్లర్లు తెరిచేదే పదకొండింటికి, నిండేది సాయంత్రం ఆరు తర్వాత. మధ్యలో ఆరేడు గంటలు బోర్డులు ఖాళీ, లైట్లు ఆర్పేసి మార్కర్ బెంచీ మీద కునుకు తీస్తుంటాడు. ఆ గంటలు వారాంతంలోనైనా, వేసవి సెలవుల్లోనైనా బడిపిల్లలకు ఇవ్వండి. సగం రేటుకు ఇవ్వండి, మార్కర్‌కు అందులో వాటా ఇవ్వండి. తల్లిదండ్రులు వచ్చి కూర్చోవడానికి రెండు కుర్చీలు వేయండి. బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నిబంధన 2008 అక్టోబరు 2 నుంచి ఉంది. మీ లోపలి గదుల్లో దాన్ని పాటిస్తున్నారు గానీ మెట్ల మీద పాటించడం లేదు. రెండో అంతస్తుకు చేరేలోపు ఆ పొగా, మూలల్లోని పాన్ మరకలూ చూసి వెనక్కి తిరిగిన తండ్రి మీ బోర్డు ఎంత బాగుందో ఎప్పటికీ చూడడు.

ఆడవాళ్ళ విషయంలో పబ్బు మీకన్నా చాలా ముందుంది, మొహమాటం లేకుండా చెప్పాలి. గచ్చిబౌలిలో శుక్రవారం సాయంత్రం నేను టిప్పులు మారుస్తూ కూర్చుంటే, ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయిలు నలుగురు హాయిగా ఆడుకుంటారు. ఎవరూ తల తిప్పి చూడరు. మీ పార్లర్లోకి ఒక అమ్మాయి వస్తే ఆరు బోర్డుల మీద ఆట ఆగుతుంది. ఆ అమ్మాయి ఫ్రేము పూర్తి చేయదు. చెన్నై అమ్మాయి అనుపమా రామచంద్రన్ 2025 నవంబరులో దోహాలో ప్రపంచ స్నూకర్ టైటిల్ గెలిచింది. మన దగ్గర అట్లాంటి అమ్మాయి ఇప్పుడు ఎక్కడైనా ఉంటే, ఆమె స్టిక్ మొదటిసారి పట్టేది పబ్బులోనే, అదీ 21 దాటాక. ఇది మనకు చిన్నతనం. మార్కర్ ఉద్యోగాల్లో ఒక్కదానికైనా అమ్మాయిని తీసుకున్న పార్లర్ నేనింకా చూడలేదు. ఎవరైనా తీసుకుంటే మొదట మారేది ఆ ఆరు బోర్డుల మీది చూపులే.

లూజర్ పే బదులు ఏం పెట్టాలని అడుగుతారు. నా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, అక్కడ వారానికొక సాయంత్రం బార్లో లీగు ఆడతాడు. అమెరికాలో బారు పూల్ ఇంకా బతికి ఉందంటే అందులో లీగులకు పెద్ద భాగముంది. ఏపీఏ (అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్) అనే లీగును 1979లో ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళే మొదలుపెట్టారు. అందులో ఆటగాడికి ఒక స్థాయి అంకె ఇస్తారు, ఎయిట్‌బాల్ అనే పూల్ ఆటలో 2 నుంచి 7 దాకా. 7వ స్థాయివాడు 2వ స్థాయివాడితో తలపడితే వాడు ఏడు గేములు గెలవాలి, వీడికి రెండు చాలు. మా వాడు కింది స్థాయిలో మొదలుపెట్టి, మొదటి నెలలోనే ఒక ముసలి ఘనుణ్ణి ఓడించి ఇంటికి ఫోన్ చేశాడు. మరుసటి వారం మళ్ళీ పోయాడు. అదీ కావాల్సింది. మన పార్లర్లలో ముందే ముప్పై, నలభై పాయింట్లు వేసిచ్చి ఆడే అలవాటు ఎటూ ఉంది. కాకపోతే పందెం కాసేటప్పుడే అది గుర్తొస్తుంది. దాన్ని మార్కర్ చేతికివ్వండి. ఎవరికెంత ఇవ్వాలో అతనికి మీకన్నా బాగా తెలుసు. బోర్డు డబ్బు ఇద్దరూ చెరి సగం. నెలకొకసారి నాలుగైదు పార్లర్లు కలిసి జట్లుగా ఆడించండి, దిల్‌సుఖ్‌నగర్ జట్టు కూకట్‌పల్లికి పోనీ, కూకట్‌పల్లి జట్టు ఇటు రానీ. నేను చూసినంతలో మన పబ్బుల్లో ఇంకా ఎవరూ ఇది మొదలుపెట్టలేదు. వాళ్ళకంటే ముందు మీరు మొదలుపెట్టాలి, ఎందుకంటే వాళ్ళలో ఒక తెలివైనవాడికి ఈ ఆలోచన వచ్చిన రోజున మీ దగ్గర ఇక చెప్పుకోవడానికి స్లేటు తప్ప ఏమీ ఉండదు.

ప్లేస్టేషన్లు పెట్టుకున్నవాళ్ళు ఉంచుకోండి, అద్దె కట్టాలి కదా. కాఫీ మెషిను కూడా పెట్టండి, టీ నాణ్యత గురించి నేను ఎక్కువ మాట్లాడితే నన్నే పొమ్మంటారు. చిన్న పూల్ బోర్డులు తెచ్చుకోవడం కూడా తప్పు కాదు, చాలామందికి మొదటి మెట్టు అదే. కానీ స్లేటు బెడ్డున్నవే కొనండి. మార్బుల్‌లో అంచు ముక్కలు రాలతాయి, మరలు నిలవవు, రెండేళ్ళకు నేనే వచ్చి పనికిరాదని చెప్పాల్సి వస్తుంది. బంతులు కూడా అంతే. బెల్జియంలో చేసే ఫినాలిక్ (గట్టి రెసిన్) బంతుల సెట్టు ఖరీదెక్కువే, కానీ చవక బంతులు ఒకదానికొకటి తగిలీ తగిలీ గీతలు పడి, ఆ గీతలతో మీ కొత్త బట్టనే తినేస్తాయి. ఇంత ఖర్చు పెట్టాక ఒక్క పన్నెండడుగుల బోర్డునైనా ఉంచండి. పూల్ మీద చేయి కుదిరిన కుర్రాడు ఏదో ఒక రోజు అటు చూస్తాడు. అటు చూడటానికి ఏదో ఒకటి ఉండాలి.

బారు పార్టనర్‌తో ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, మార్కర్‌ను మాత్రం కాగితాల్లో రాయించుకోండి. బోర్డు పక్కన గ్లాసు పెట్టడానికి వేరే స్టాండు, బోర్డు మీద ప్లైవుడ్ వేయకూడదన్న షరతు, రెండూ రాయించుకోండి. మాటల మీద వదిలేస్తే మొదటి డీజే రాత్రికే పోతాయి.

బోర్డు విప్పమని పిలిస్తే వస్తాను, నా పని అది, కూలి మామూలే. కానీ పగటి పూట పిల్లలకని ఒక బోర్డు కేటాయించి, దాని దగ్గర మార్కర్‌ను నిలబెట్టే పార్లర్‌కు, వచ్చే దసరా దాకా ఆ ఒక్క బోర్డు లెవెల్ చూసినందుకూ బట్ట బిగించినందుకూ కూలి తీసుకోను. బట్ట, రబ్బరు, టిప్పులు మీవే. మార్కర్‌కు టిప్పు అతికించడం, బట్ట ఇస్త్రీ చేయడం రాకపోతే పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తాను. ఆదివారం పొద్దున మాత్రం ఫోన్ చేయకండి, శనివారం రాత్రి పబ్బుల పని ఉంటుంది, పదింటిదాకా లేవను.

నమస్కారాలతో,
మీ బోర్డు ఫిట్టర్